ఆదివారం ఇల్లు

వెంకటముని లెక్కలో మా ఇంటికి వేరే పేరు లేదు. మాది ఆదివారం ఇల్లు. పెద్ద బజారులో జవుళికొట్టు పెట్టుకున్న కుప్పుస్వామి మొదలియారుది సోమవారం ఇల్లు. ఆయన ఇంటి వెనక సందులోవి మంగళవారం ఇల్లు, బుధవారం ఇల్లు, గురువారం ఇల్లు. చదువు కోసం తిరుపతి చేరిన పేదపిల్లలు అప్పట్లో ఇల్లిల్లూ తిరిగి, రోజుకొక ఇంట్లో అన్నానికి మాట తీసుకునేవాళ్ళు. వారాలు చేసుకోవడం అంటారు దాన్ని. యుద్ధం అయిపోయినా బియ్యం ఇంకా రేషను కార్డు మీదే వస్తున్న రోజులవి. అలాంటప్పుడు వారం మొత్తానికీ ఇళ్ళు దొరకడం మాటలు కాదు. మునికి దొరికాయంటే అది కుప్పుస్వామి చలవే. ఆయనదీ, మునిదీ నగరి ఊరే. తన ఊరి నేతగాళ్ళ పిల్లవాడని సోమవారం తనిచ్చి, వెనక సందు వాళ్ళకు చెప్పి తర్వాతి మూడు రోజులూ ఇప్పించాడు. శుక్ర, శనివారాలు వాడే ఎక్కడో చూసుకున్నాడు. ఆదివారం మాకొదిలాడు.

మా ఆయన పేరు రామచంద్ర. కాలేజీలో లైబ్రేరియన్. మద్రాసు పోయి, పుస్తకాలకు నంబర్లు వేసే చదువొకటి చదువుకుని వచ్చారు. అది చదివి వచ్చింది మొదలు ఆయన కంటికి మా వంటింట్లో పప్పుల డబ్బాలు కూడా వరస తప్పి కనపడేవి. ఆ లైబ్రరీలో ఫీజు కట్టలేని పిల్లలు కొందరు, ఫీజు మాఫీకి బదులుగా పని చేసేవాళ్ళు. దుమ్ము దులపడం, మైదాపిండిలో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి జిగురు కాచడం, దానితో పుస్తకాల వీపున చీటీలు అంటించడం, అడిగిన పుస్తకం అల్మారాలోంచి మోసుకొచ్చి బల్లమీద పెట్టడం. అంతకుమించి వాళ్ళను ఏదీ ముట్టనిచ్చేవాళ్ళు కాదు. మా ఆయనకు అది నచ్చేది కాదు. చీటీ అంటించే చెయ్యి చీటీ రాయలేదా అని ప్రిన్సిపాలుతో పోట్లాడి పోట్లాడి, చివరికి ఒక్క పిల్లవాడితో చేసి చూపించడానికి ఒప్పించారు.

ఆ ఒక్కడూ మునే. మాఘమాసంలో ఒక ఆదివారం వాడు మా వంటింటి ముందు కూర్చుని తింటుండగా మా ఆయన ఆ మాట బయటపెట్టారు.

"మునీ, రేపట్నుంచి నువ్వు గుడ్డ పట్టుకోవద్దు. కౌంటరు కాడ నా కుర్చీలో కూర్చో."

ముని చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. "కుర్చీలోనా సార్?"

"కుర్చీలోనే. కొత్త పుస్తకాలకు నంబరు నువ్వు వెయ్యి, నేను సరిచూస్తా. వచ్చినోళ్ళకు ఏం కావాల్నో అడిగి తెలుసుకుని ఎత్తియ్యి. పరీక్షలు దగ్గరికొస్తాండాయి. ఒక్కటే కాపీ ఉండే పుస్తకాలు ఎవరికియ్యాల్నో, ఎవరి కాడినుంచి తెప్పించాల్నో నువ్వే సూసుకో. ఆడ నీ మాటే నా మాట."

"పిల్లోళ్ళు ఇంటారా సార్?"

"నువ్వు గట్టిగా చెప్తే ఇంటారు."

వాడి మొహం వెలిగిపోయింది. అంతవరకూ వాడు పళ్ళు కనపడేలా నవ్వడం నేను చూడలేదు. నా నోరు ఊరుకోదు. "ఏమప్పా లైబ్రేరియనూ, పప్పు ఇంకొంచెం వేసేదా?" అన్నాను. వేయించుకున్నాడు.

ఆ తర్వాత మా ఆయన ఇంటికి రావడమే ముని కబుర్లతో వచ్చేవారు. ముని ఈ పొద్దు చరిత్ర పుస్తకాల అల్మారా మొత్తం సర్దినాడు. ఏం చదవాలో తెలియక నిలబడిన బీఏ పిల్లోడిని కూర్చోబెట్టి, అదీ ఇదీ అడిగి, కావాల్సిన పుస్తకం చేతిలో పెట్టినాడు. పిల్లలు వాడిని చిన్నసారు అంటాండారు. పిల్లలు లేని ఇల్లు మాది. ఆయన అలా చెప్తుంటే నాకూ బాగుండేది.

అప్పట్లో ఇంగ్లండు నుంచి పుస్తకాలు సరిగా వచ్చేవి కావు. ఇంటరు పిల్లలందరికీ కలిపి మంచి కెమిస్ట్రీ పుస్తకం లైబ్రరీలో ఒక్కటే ఉండేది. సాయంత్రం తీసుకుపోయినవాడు పొద్దున గంట కొట్టేలోగా తెచ్చివ్వాలి. దాన్ని కుప్పుస్వామి కొడుకు షణ్ముగం తీసుకుపోయి రోజులు గడిచినా తేలేదు. ఆ ఆదివారం ముని తినకుండా అన్నం కెలుకుతూ కూర్చున్నాడు.

"సార్, కెమిస్ట్రీ పుస్తకం సోమవారం ఇంటి అబ్బాయి కాడ ఉండాది."

"అడగలేదా?"

"మీరొక మాట అంటే బాగుంటాది సార్."

"నేనే అంటే ఇంక నువ్వు ఆ కుర్చీలో ఎందుకు? ఎవురి కొడుకైతే మనకేమి? తేకుంటే ఇంకో పుస్తకం లేదని చెప్పు. నీకు బయమెందుకు?"

"బయం కాదు సార్," అన్నాడు వాడు. ఇంకేదో అనబోయి నా వైపు చూశాడు. నేను ఊరగాయ జాడీకి వాసెన గుడ్డ కడుతున్నాను. సోమవారం ఇంట్లో వాడు నడవలో కింద కూర్చుని తింటాడని, తిన్నాక ఆకెత్తి, చోటు తుడిచి, ఆ షణ్ముగానికి చెంబుతో నీళ్ళు కూడా అందిస్తాడని నాకు తెలుసు. మా ఆయనకూ తెలుసు. తెలిసిన సంగతి ఆ పూట ఇద్దరిలో ఒక్కరికైనా తట్టలేదు. వాడు తలొంచుకుని తిని పోయాడు.

మర్నాడు మా ఆయన గుమ్మంలోనే మొదలుపెట్టారు. "పంకజం! ఈ పొద్దు చూడాల్సింది నువ్వు. షణ్ముగం స్నేహితులను వెంటేసుకుని వచ్చి ఇంకో పుస్తకం అడిగినాడు. ముని ఏమన్నాడో తెలుసునా? ముందు అది తెచ్చియ్యండి, తర్వాత ఇది ఇస్తానన్నాడు. వాళ్ళు నవ్వినారు, బెదిరించినారు. వీడు కుర్చీలోంచి లేవలేదు! కూర్చునే చెప్పినాడు. పదిమందిలో నిలబడలేక షణ్ముగం ఇంటికి పోయి పుస్తకం తెచ్చిచ్చినాడు."

"మన ముని సామాన్యుడు కాడే!" అని నేనూ మురిసిపోయాను. ఆ రోజు సోమవారమన్న సంగతి మాత్రం మాకు గుర్తు రాలేదు.

శివరాత్రి పోయింది. ఎండలు ముదిరాయి. ముని ఆదివారం ఆదివారం వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా మునుపటి కంటే ఎక్కువ తింటున్నాడు. ఇదివరకు వేస్తే వేయించుకునేవాడు, లేకుంటే లేదు. ఇప్పుడు నేను గిన్నె పట్టుకుని వంగేసరికే ఆకులో చోటు చేసి పెడుతున్నాడు. ఎదిగే పిల్లవాడు కదా అనుకున్నాను. ఒక ఆదివారం మూడోసారి వడ్డించేసరికి గిన్నె అడుగు కనపడింది. ఆ అడుగునున్నదే ఆ పూట నాకు మిగిలే అన్నం. వాడు మళ్ళీ తలెత్తి గిన్నె వైపు చూశాడు.

"ఏమి మునీ! వారానికంతా కలిపి ఈ పొద్దే తినేట్టుండావే!" అన్నాను.

నవ్వుతూనే అన్నాను. మా ఆయనా నవ్వారు. మునీ నవ్వాడు. నవ్వి, కలుపుకున్నది తినేసి, ఆకు మడిచి లేచాడు. మజ్జిగ పోసుకోవా అంటే ఒద్దక్కా అన్నాడు.

ఆ పై ఆదివారం ఒకసారి వడ్డించాక, నేను రెండోసారి వంగేలోగానే ఆకుమీద చెయ్యి అడ్డం పెట్టాడు. "చాలక్కా. ఎండలకు ఆకలి పుట్టడం లేదు." నేను బలవంతం చేయలేదు. గిన్నెలో అన్నం మిగిలింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మాకు రోజూ పూలు తెచ్చేది తిరుచానూరు నాగులమ్మ. గంప దించుకుని, మూర కొలుస్తూ ఊళ్ళో సంగతులన్నీ చెప్పిపోయేది. ఒకరోజు మూర కొలవడం ఆపి అడిగింది.

"అమ్మా, మీ లైబ్రరీ పిల్లోడికి ఏం మొక్కుబడి?"

"ఏ పిల్లోడు?"

"అదేమ్మా, ఆదివారం మీ ఇంటికాడ తినేటోడు. మద్యాన్నం ఎండలో నడుసుకుంటా మా ఊరికొస్తాండాడు. అమ్మోరి గుళ్ళో పెసాదం పెట్టే కాడ నిలబడుకుంటాడు. దోసిట్లో పెట్టింది తినేసి, మళ్ళా ఎనక్కి పొయ్యి వరసలో నిలబడతాడు. సోమారం వస్తాడు, మంగళారం వస్తాడు. బేస్తారం దాకా వస్తాడు. శుక్కురారం రాడు. ఇట్లాంటి మొక్కు నేను యాడా సూళ్ళేదమ్మా. కాళ్ళకు సెప్పులు గూడా లేవు పాపం."

పూలు నా చేతిలోనే ఉండిపోయాయి. ఆ నాలుగు రోజులూ ఎవరెవరి ఇళ్ళవో నాకు కంఠతా వచ్చు. సోమవారం ఇల్లు అని వాడు ఎందుకన్నాడో, భయం కాదు సార్ అన్నాక ఏం చెప్పబోయాడో అప్పుడు తెలిసింది. వాడు నిజంగానే వారానికి సరిపడా అన్నం మా ఇంట్లో తింటున్నాడు. ఆ మాటే నేను ఎగతాళిగా అన్నాను. అన్నాక వాడు అదీ మానుకున్నాడు. నాగులమ్మ ఏమో అడుగుతూనే ఉంది. నాకు ఏడుపు తన్నుకొచ్చి లోపలికి పోయాను.

మధ్యాహ్నం మా ఆయన రాగానే చెప్పాను. కోటు విప్పకుండా అలాగే పీట మీద కూలబడ్డారు.

"వాడు నాతో ఒక్క మాట అనుండచ్చు గదా పంకజం."

"అన్నాడు. సోమవారం ఇంటి అబ్బాయి అన్నాడు. మనమే ఇనలేదు."

ఆయన అన్నం ముట్టలేదు. నేనూ వడ్డించలేదు. సాయంత్రం ఇద్దరం కుప్పుస్వామి ఇంటికి పోయాం.

కుప్పుస్వామి మర్యాద తెలిసిన మనిషి. ఎదురొచ్చి కూర్చోబెట్టాడు. ఆయన భార్య మునిలక్ష్మి నాకు బొట్టు పెట్టింది కానీ నా మొహం చూడలేదు. మా ఆయనే మొదలుపెట్టారు.

"అన్నా, పిల్లోడు. తెలిసీ తెలియక ఏమన్నా అనుంటే వాడి మింద కోపం పెట్టుకోవద్దు."

"వాడి మింద నాకేం కోపం రామచంద్రా? వాడన్నది న్యాయమే. పుస్తకం దాచిపెట్టుకునింది నా కొడుకు. రెండు తగిలించినాను గూడా."

"మరి అన్నం ఎందుకు నిలిపినావన్నా?"

కుప్పుస్వామి లోపలి గుమ్మం వైపు చూశాడు. మునిలక్ష్మి అక్కడే నిలబడి ఉంది.

"ఆ సోమవారం మామూలుగానే వచ్చి నడవలో కూర్చున్నాడు. పొద్దున నా బిడ్డను పదిమందిలో నిలబెట్టి, తాను కుర్చీలో కూర్చున్నోడికి మద్యాన్నం నేను వంగి వడ్డించాల్నా అనింది ఈమె. నేను గమ్మునుండినాను. ఆకు వేసుకుని చానాసేపు కూర్చున్నాడు. తర్వాత ఆకు మడుచుకుని లేచి పోయినాడు. మమ్మల్ని చూసి సందులోవోళ్ళూ నిలిపేసినారు. తప్పే. కాదనను." ఆయన కొంచెం ముందుకు వంగాడు. "నువ్వొకటి చెప్పప్పా. కుర్చీ నీది, ఉద్యోగం నీది. పుస్తకం తెచ్చియ్యి అని నా కొడుకుతో నువ్వెందుకు అనలేదు? అనుంటే నేనేమన్నా అనుకుందునా? నాతో మాట చెడుతుందని నీకు జంకు. అందుకని నా ఇంట్లో అన్నం తినేటోడి నోటితో అనిపించినావు."

ఒకరికి లేదని చెప్పడం మా ఆయనకు చేతకాదు. పాలలో నీళ్ళు కలిపే మనిషికి కూడా నాతోనే చెప్పించేవారు. మునిని పైకి తేవాలన్న ఆశ నిజమే. తాను చెప్పలేని మాటలు ఇంకొకడు చెప్తాడన్న నిశ్చింత కూడా నిజమే. ఆ రెండోది ఆయన కూడా అప్పటిదాకా ఎరగరని నాకనిపించింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నారు.

మేం లేస్తుంటే మునిలక్ష్మి గుమ్మం దాకా వచ్చి, "సోమవారం రమ్మని చెప్పక్కా," అంది. గొంతు బాగా తగ్గిపోయింది. తర్వాత ఆ మాట మునికి చెప్పాను. సరేనన్నాడు. పోలేదు.

మర్నాడు మా ఆయన కాలేజీకి పెందలాడే పోయారు. ఇకమీదట కాదన్న మాట ఏదైనా తానే చెప్పాలని, పోయి తన కుర్చీలో కూర్చున్నారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి జరిగింది చెప్పారు.

"ముని వచ్చినాడు పంకజం. నన్ను కుర్చీలో చూసినాడు. ఒక్క మాట అడగలేదు. అల్మారా వెనక్కి పోయి దుమ్ముగుడ్డ తెచ్చుకున్నాడు. నేను చూస్తానే ఉండా, పై అర నుంచి తుడవడం మొదలుపెట్టినాడు."

"మీరు చెప్పలేదా?"

"పోయి ఆ గుడ్డ లాక్కున్నాను. ఇంకో కుర్చీ తెప్పించి నా పక్కన వేసి కూర్చోబెట్టినాను. ఆకలితో ఉండావని నాకెందుకు చెప్పలేదురా అని అడిగితే, చెప్తే కుర్చీలోంచి తీసేస్తారనుకున్నా సార్ అన్నాడు. నాకు ఈ పని బాగుండాది సార్ అన్నాడు."

ఆ రోజు నుంచి ముని దినమూ మా ఇంట్లోనే తినాలని తీర్మానించాను. వాడు ఒద్దనలేదు, ఔననలేదు. మా ఆయన పోయి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. బియ్యం చాలక రాగిసంగటి చేసేదాన్ని. పొద్దున పూట గంజి ఇచ్చేదాన్ని. కౌంటరు వెనక రెండు కుర్చీలు పడ్డాయి. పుస్తకాలు ముని ఇచ్చేవాడు, కుదరదన్న మాట మా ఆయన చెప్పేవారు. చెప్పడానికి ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు. ఇంటికొస్తూనే చెంబెడు నీళ్ళు తాగేవారు. పరీక్షలు మొదలయ్యేసరికి ప్రిన్సిపాలు కూడా, వచ్చే ఏడు ఇంకో ఇద్దరు పిల్లలకు ఈ పని నేర్పించమని మునితోనే చెప్పారట.

అంతా చక్కబడినట్టే ఉండేది, వాడు తినడానికి కూర్చునేదాకా. ఒకసారి వడ్డించేదాన్ని. రెండోసారి గిన్నె ఎత్తేసరికి వాడి చెయ్యి ఆకు మీదుండేది. "పెట్టుకో నాయనా, చానా ఉండాది," అనేదాన్ని. గిన్నె వంచి చూపించేదాన్ని. "చాలక్కా," అని నవ్వేవాడు. వాడి నవ్వులో కోపం వెతికాను. కనపడలేదు. ఉండుంటే నాకు కొంత బరువు తగ్గుండేది. ఆ రోజు నోరు జారినానప్పా, మనసులో పెట్టుకోవద్దు అని ఒకసారి చెప్పాను కూడా. "అయ్యో, ఏ మాటక్కా?" అన్నాడు. అలా అన్నాక ఇంకేం చెప్పను?

పరీక్షలయ్యాయి. ఉగాది రెండు రోజులుందనగా వాడిని పిలుచుకుపోవడానికి వాళ్ళమ్మ గురవమ్మ నగరి నుంచి పొద్దుటి రైలుకు వచ్చింది. సన్నగా, ఎండిపోయి, మాసికలు కనపడకుండా చీర మడిచి కట్టుకుని ఉంది. నూలు దొరక్క మగ్గం మూతపడిందట. ఇంట్లో మిగిలిన నూలుతో నేసిన తుండుగుడ్డ ఒకటి పసుపు కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. వద్దంటే వినలేదు.

"ఇది ఒక లెక్కామ్మా? రైలు దిగినకాడినుంచీ మావోడి నోట్లో మీ మాటే. ఆదివారం పోతే అక్క ఇడిసిపెట్టదంట గదా. మునీ, వారానికంతా కలిపి ఈ పొద్దే తినరా అని కొసిరి కొసిరి ఒడ్డిస్తారంటనే. కన్నదాన్ని, నేను గూడా వాడికట్లా పెట్టింది లేదమ్మా. మీ కడుపు సల్లగుండాల."

నేను ముని వైపు చూశాను. వాడు తలుపు గొళ్ళెం వైపు చూస్తున్నాడు. వరండాలో కూర్చున్న మా ఆయన లేచి పెరట్లోకి పోయారు. కాదమ్మా, నేనన్నది అది కాదు అని చెప్పాలని గొంతుదాకా వచ్చింది. చెప్తే తన కొడుకు ఆకలితో తిరిగాడని ఆమెకు తెలుస్తుంది. తెలియకూడదనే కదా వాడు నా మాటను అలా తిప్పి చెప్పాడు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నేను నిలబడి అద్దించుకున్నాను.

ఆ రోజు రేషను బియ్యం మిగిలిందంతా వండాను. తల్లికీ కొడుక్కీ పక్కపక్కన ఆకులు వేశాను. ఒకసారి వడ్డించాను. గురవమ్మ మెల్లగా, మెతుకు పోకుండా తింది. రెండోసారి గిన్నె ఎత్తి వంగాను. ఆమె ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది. అచ్చం వాడు పెట్టినట్టే.

"సాలమ్మా, సాలు."

గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా మొహం ఎలా ఉందో ఏమో, ముని తలెత్తి చూశాడు. ఎడమచేత్తో వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు తీశాడు.

"పెట్టిచ్చుకోమ్మా. అక్క బాదపడతాది."

ఆమె నవ్వి ఊరుకుంది. నేను వడ్డించాను. ఆమె తినడం మొదలుపెట్టాక వాడి ఆకు వైపు తిరిగాను. వాడి కుడిచెయ్యి అప్పటికే ఆకు మీద అడ్డంగా ఉంది.